అటువైపు మడి

తాటిపాకలో నెట్ సెంటరు మూసేసిన రోజు
పద్దెనిమిది వందలకి తెచ్చుకున్నాను, యూపీఎస్‌తో సహా.
మానిటరు నుదుటిమీద చీటీ ఇంకా ఊడలేదు:
గంటకి ఇరవై. అరువు లేదు.

కొబ్బరి దింపు లెక్కలు రాస్తానండి నేను.
ఎవరి తోటలో ఎన్ని గెలలు, ఎన్ని కాయలు, ఎక్కుడు కూలి ఎంత.
మూడు తోటలు రాసేసరికి తెర నీలంగా బిగుసుకుపోయేది,
నాలుగోది రాయాలంటే మళ్లీ మొదటినుంచీ.
దొంగ విండోసు. రోజూ పొద్దున్నే నిలదీసేది
మీది అసలుదేనా అని.
తరవాత చెప్తానని నొక్కేదాన్ని.

స్టెబిలైజర్లు బాగుచేసే ఏసుపాదం
చొక్కాజేబులోంచి పెన్ డ్రైవు తీసి
"లైనక్సండి. డబ్బులక్కర్లేదు, ఇది ఎవరిదీ కాదు" అన్నాడు.
ఎవరిదీ కానిది లంకభూమి ఒక్కటే అని విన్నాను,
దానికీ ఏటా తలకాయలు పగులుతాయి.

మే నెల. కాలవలు కట్టేశారు.
లాకుల కింద బురదలో కుర్రాళ్లు కొర్రమీనుల్ని తడుముతున్నారు.
మిట్టమధ్యాహ్నం తలుపేసుకుని కూర్చున్నాను.
నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు
బస్తా చిరిగి వడ్లు కారినట్టు కారి, కారి,
ఆగి అడిగింది:
డిస్కంతా చెరిపేయనా?

చెరిపేముందు చూద్దామని పక్కకెళ్లి తెరిచాను.
"కొత్తది" లోపల "కొత్తది రెండు",
దాన్లో ముఖాలు.
పాస్‌పోర్టు సైజు, నాలుగువందల పన్నెండు.
కానిస్టేబులు దరఖాస్తులవి, హాల్ టికెట్లవి,
మెడదాకా గుండీ పెట్టుకుని
ఊపిరి బిగబట్టి నాకేసే చూస్తూ.
మా వీధి సుగుణకుమారి, కువైట్ కాగితాలకి,
వయసు మూడేళ్లు పెంచుకుని.
ఇంకాస్త కిందకెళితే నేను.
అంగన్‌వాడీ ఉద్యోగానికి. రాలేదులెండి.
ఆ రోజు ఇరవై రూపాయలు బాకీ పెట్టి వచ్చాను.

ఏసుపాదానికి చెప్పలేదు.
వెనక్కొచ్చి, నేనే పంచుకుంటానని నొక్కాను.
డిస్కు పొడుగాటి కమతంలా పరుచుకుంది.
మధ్యలో మౌసుతో గట్టు వేశాను,
కాస్త అటు జరిపి, మనసొప్పక ఇటు జరిపి.
ఇటు కొత్తది. అటు వాళ్లు.

అరవై రెండు శాతం దగ్గర కరెంటు పోయింది.
తీగలకి తగులుతున్న మట్టలు కొడుతున్నారట.
యూపీఎస్ కీచుకీచుమంటోంది.
విసనకర్ర తీసుకుని
నాకు కాదు, దానికి విసిరాను
పదకొండు నిమిషాలు.

భాష ఏదంటే తెలుగన్నాను.
ఫైలుని దస్త్రం అంది, నవ్వొచ్చింది,
కరణంగారు చంకలో పెట్టుకుని వచ్చినట్టు.
"ఎక్కుడు" అని కొట్టి చూశాను.
కావత్తు విరక్కుండా కిందే కుదురుగా కూర్చుంది.
ఈ మాటలన్నీ ఎవరు కూర్చారో, ఏ రాత్రిళ్లు కూర్చారో,
వాళ్లకి కూలి ఎవరిచ్చారో.
నా లెక్కల్లో అలాంటి గడి లేదు.

నిన్న పీచు డబ్బులకోసం సుగుణకుమారి వచ్చింది.
అటువైపు మడి తెరిచి చూపించాను.
కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు చూసి
"ఆ జాకెట్టు నాది కాదండి,
ఫొటోకోసం మా వదిన దగ్గర తీసుకున్నాను" అంది.