ఎడమ చెప్పు

కుడిది కాలవలో పోయింది,
మొన్న ముసురులో, రేవు మెట్ల మీద జారి.
మిగిలిన ఎడమదాన్ని గుమ్మం పక్కన దాస్తే
ఒంటి చెప్పుని పెంచుకుంటావా అన్నాడు మా ఆయన.

పెంచుకోలేదు.
సబ్బేసి రుద్ది, ఆరబెట్టి
మడమ దగ్గర నాలుగు పలకలుగా కోశాను.
హవాయి రబ్బరు వెన్న కాదు, అలాగని రాయీ కాదు.
సగం బ్లేడుతో, సానబెట్టిన గొడుగు పుల్లతో
ఊపిరి బిగబట్టి గీస్తుంటే
ఒళ్ళో తెల్లగా తురుము రాలింది.
అంబాజీపేటలో ఏ పని మొదలెట్టినా
చివరికి కొబ్బరి కోరినట్టే ఉంటుంది.

మొదటి అచ్చు పులస అనుకున్నాను.
పడ్డాక చూస్తే, తోకున్న దోసకాయ.

రెండోది మా పిల్ల పేరు. హంస.
సరిగ్గా చెక్కాను, అందుకే తప్పుగా పడింది:
స ముందుకొచ్చేసింది,
హ వెనక్కెళ్ళి గోడవైపు తిరిగింది,
నడుమ సున్న మాత్రం
తనకేం పట్టనట్టు ఉన్నచోటే కూర్చుంది.
హంస బొట్టుపెట్టె అద్దం తెచ్చి పక్కన నిలబెట్టి
అందులో తన పేరు చదువుకుని నవ్వింది.

అప్పుడు తెలిసింది బజ్జీల పొట్లం విలువ.
నూనె తాగిన కాగితం మీద రాసి
తిరగేస్తే, అవతల్నించి అక్షరాలు
వాటంతటవే వెనక్కి నడుస్తాయి.
ఆ నడక చూసి చెక్కితే చాలు.
తీసినచోట తెలుపు. ఉంచినచోట నీలం.
నీలం అంటే బట్టల నీలిమందే,
మైదా జిగురులో కలిపి, స్పాంజి ముక్కకి పట్టించి
హార్లిక్సు మూతలో పెట్టాను.
కాగితాలంటారా, చిరిగిపోయిన నెలలన్నీ
క్యాలెండరు మేకు కింద ఉన్నాయిగా.

జ్యేష్ఠమాసం వెనకవైపు సగం నిండాక
పల్లాలు పిన్ని వచ్చింది,
ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని.
"మళ్ళీ పడలేదే," అంది.

ముప్ఫై ఏళ్ళు ఊరిన డొక్కలు కొట్టి, పీచు తీసి, తాడు పేని
పది వేళ్ళూ రేవు రాయిలా నున్నబడ్డాయి.
డిపోలో మిషను ఒక్కో వేలూ అడుగుతుంది,
ఒక్కో వేలూ కాదంటుంది.
తడిగుడ్డతో తుడుచుకోమంటాడట డీలరు,
నెత్తికి రాసుకుని పెట్టి చూడమంటాడట.
"నన్ను పుట్టినప్పట్నించీ ఎరుగుదువు కదరా అంటే
నాకు తెలిస్తే చాలదు, వేలు చెప్పాలి అంటాడే."

నాకేం అనాలో తోచలేదు.
హంస మాత్రం వంటింట్లోంచి బెండకాయ తెచ్చి
అడ్డంగా కోసి, నీలం అద్ది
ఆవిడ చేతిలో పెట్టింది. "నొక్కు అమ్మమ్మా."

నొక్కింది. డిపోలో నొక్కినట్టే,
భయంభయంగా. ఏదో మసక పడింది.
"గట్టిగా!"
ఈసారి తాడు బిగించే అరచెయ్యంతా మోపింది.
తీస్తే ఐదు రేకులు, గింజగింజకీ ఒక గది,
ఒక్క అంచూ చెదర్లేదు.

"పడిందే!"

ఇక ఆగలేదు. ఆషాఢం నిండింది,
శ్రావణం నిండింది, కాగితాలైపోతే
తన సంచీనే పరిచి దానిమీద కొట్టింది.
మధ్యలో బొటనవేలికి రంగంటితే
యథాలాపంగా ఓ మూల తుడిచింది:
కోడిగుడ్డంత నీలం,
లోపల తెల్లగీత ఒక్కటీ లేదు.
ముగ్గురం చూశాం. ఎవరం ఏమీ అనలేదు.

చెప్పులో ఇంకో పలక ఉంది, ఏం చెక్కను పిన్నీ అన్నాను.
"నాకేం తెలుసు. తాడు చుట్ట చెక్కు."
ఎటు చుడతావు?
గాల్లో వేలితో తిప్పి చూపించింది.
నేను దానికి ఎదురు తిప్పుతూ చెక్కాను,
చుట్టు లోపల చుట్టు, చుట్టు లోపల చుట్టు,
బ్లేడు రెండుసార్లు జారింది, అక్కడ తాడు తెగింది.
కొబ్బరిచిప్ప పెంకుని పిడిగా అతికించి
చేతికిచ్చాను.

పడింది, ఆవిడ తిప్పిన వైపే.
పిన్ని కాగితం కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి
బొటనవేలు దాని పక్కన పెట్టి
చాలాసేపు చూసుకుంది.

బెండపూల సంచీ దండెం మీద ఉంది.
ముసురు వదల్లేదు, నీలం ఆరలేదు.
రేపు పొద్దున్నే మళ్ళీ డిపోకి వెళ్ళాలి.