మూడు లారీల లెక్క

మిర్యాలగూడ బైపాస్ మీద కాంటా గదిలో
రాత్రి పూట నేనూ, పాత కంప్యూటరూ,
మూడు రెక్కల్లో ఒకటి వంగిన ఫ్యానూ.
బయట వడ్ల ట్రాక్టర్లు
ఇంజన్లు ఆపి వరుసలో కునుకుతున్నాయి.

చాయ్ గ్లాసు కిటికీ అంచున పెట్టి
హమాలీ సైదులు మామ అన్నాడు:
"బిడ్డా, నాలుగంకెల నంబరొకటుంది.
నాలుగుతోని గుణిస్తే తిరగబడతది,
ముందుది ఎనకకు, ఎనకది ముందుకు.
చెప్పు సూద్దాం. డిగ్రీ సదివినవు గద."

చదివాను. అందుకే ఆలోచించలేదు.
బరువులు చూపే తెరను పక్కకు జరిపి
ఐదు వరుసలు కొట్టాను:
వెయ్యి నుంచి మొదలుపెట్టు,
పదివేలు రాకముందే ఆగు,
ఒక్కోదాన్ని నాలుగింతలు చెయ్యి,
తిరగేసిన దానితో పోల్చు,
సరిపోతే బయటికి పిలువు.

ఎవరూ బయటికి రాలేదు.

తప్పు నాదే.
ఒక పక్క సంఖ్యను, ఇంకో పక్క
దాన్ని రాసిన అక్షరాలను నిలబెట్టాను.
చూడ్డానికి ఒకటే. యంత్రానికి మాత్రం
తూకం వేరు, తూకం చీటీ వేరు.
ఒక్క మాట దిద్దాను.
ఎంటర్ మీంచి వేలు లేవకముందే
2178.

కాంటా చీటీ వెనక రాసిచ్చాను.
"అదే" అన్నాడు మామ. కొంచెం చిన్నబోయాడు కూడా.
"ఎట్ల వట్టింది?"
"తొమ్మిది వేల నంబర్లనూ అడిగింది మామా, ఒక్కటీ వదలకుండా."
"అన్ని ఇండ్లు తిరిగిందా!" నవ్వాడు.
"నేనైతే తిరగలే."

సుద్దముక్కతో బస్తా మీద గీశాడు.
మొదటిది మూడైతే ఐదో అంకె పుడతది, వద్దు.
నాలుగింతలకు చివర బేసి రాదు, ఒకటి వద్దు.
ఇగ మిగిలింది రెండే.
రెండు ముందుంటే ఎనిమిది చివరికొస్తది.
నడుమ రెండు గదులు,
అక్కడే చానా తిప్పలపడ్డడట.
"మూడు లారీలు దించినంక దొరికింది బిడ్డా.
కడాకరి బస్తా అప్పటికింక నెత్తి మీదనే ఉంది.
దించుదామంటే భయమైంది,
లెక్క గూడ జారుతదేమోనని.
అట్లనే నిలవడ్డ."

నేను ఫ్యాను కింద కూచునే ఉన్నాను.

తెల్లారగట్ల మూడింటికి, బండ్లు లేని వేళ,
వెయ్యి పక్కన ఇంకో సున్నా పెట్టాను.
21978.
మరో సున్నా.
219978.
అంచులవాళ్లు కదలరు.
షేర్ ఆటోలో ఎక్కిన నాలుగో మనిషిలా
తొమ్మిదొచ్చి "జర జరుగుండ్రి" అని
నడుమ ఇరుక్కుంటుంది.
నాలుగుతో గుణించి చూడండి,
ఆటో మొత్తం వెనక్కి మళ్లుతుంది.

మామకు ఈ సంగతి చెప్పలేదు.
వానాకాలం వడ్లు ఇంకో పది రోజులొస్తాయి.
రేపు చాయ్ వేళకు ముందు నేనే అడుగుతా,
ఐదంకెలదొకటుంది మామా, చెప్పు చూద్దాం అని.

ఎన్ని లారీలు పడుతుందో చూడాలి.