చుక్కల భూమి

చిత్తూరు కలెక్టరాఫీసు వెనకపక్క
ఏడు మెట్లు దిగితే రికార్డు రూము.
ఎర్రగుడ్డ మూటల్లో తాలూకాలు నిద్రపోతా ఉంటాయి.
పలమనేరు మీద పుంగనూరు,
పుంగనూరు మీద ఎలక.
ముప్పై ఒక్క ఏండ్లుగా నేనే అటెండర్ని.
పటం విప్పేటప్పుడు ఊపిరి బిగబట్టాల,
లేకపోతే ఒక చెరువు తునిగి చేతికొస్తాది.

మా జేజినాయన చెంగల్రాయుడు గొలుసు కూలి.
అమీను గొడుగు కింద, ఈయన ఎండ కింద.
నూరు లంకెలు, అరవై ఆరడుగులు.
తుమ్మముళ్ళలో గొలుసు ఈడ్చి
"ఆయె" అని అరిస్తే
అమీను పుస్తకంలో ఒక గీత.
అన్ని ఊర్లు కొలిచినాడు,
సెంటు నేల పేరున లేకుండా పోయినాడు.

సిరా ఒలికి చెడిపోయిన పటం పారేస్తే
ఒకసారి ఇంటికి తెచ్చినాడంట.
అది కాగితం కాదు, గంజి పట్టించిన నారగుడ్డ.
మా జేజి కుప్పమ్మ సవుటిమన్నుతో ఉడకేసి, ఉతికి,
గంజి పోగొట్టి
నెలల బిడ్డకు చొక్కా కుట్టింది.
వాగు పోయింది, బండ్లబాట పోయింది,
రెండు భుజాల మధ్యన
నీరుకావి రంగులో 214 అనే నెంబరు,
దాని చుట్టూ నాలుగు గట్లు మాత్రం పోలే.
మా వంశంలో భూమి తొడుక్కున్నోడు మా నాయనొక్కడే.
ఏడాది తిరక్కముందే అది బిగుతైపోయింది.

మొన్న మంగళవారం మునికన్నమ్మ వచ్చింది,
నరిగానిపల్లె నుంచి, రెండు బస్సులు మారి.
పాల కవర్లో మడిచిన డి.కె.టి. పట్టా:
ఎకరా అరవై రెండు సెంట్లు,
తాసిల్దారు సంతకం, చెమటకు కరిగిన సీలు.
పట్టా ఇచ్చిన దినం ఫోటో తీసినారు, బూందీ పంచినారు.
నేల యాడుందో చూపించే ఆయన
ఇంకా జీపు దిగలే.
"మా మామ దున్నిందే సామీ అది.
మీ పటంలో ఉంటాది, చూడు."

చూసినా.
గుట్ట ఉంది, ఈగ కాళ్ళలాంటి గీతలతో.
రిజిస్టరు తీసినా, కుట్లు తెగి, అట్ట ఊడి.
దేవుడి మాన్యం ఉంది, దేవుడి పేరుంది.
దాసబంధం ఉంది, చెరువు తవ్వించినాయన పేరుంది.
మంగలి ఇనాము, కట్టుబడి, తలారి మాన్యం,
ఊరికి చేసిన ప్రతి ఊడిగానికీ ఒక చెక్క.
జమీందారు సన్నాయి విని మెచ్చి ఇచ్చిన రెండెకరాలు,
మెచ్చిన రాగం పేరుతో సహా.
ఆమె సర్వే నెంబరు కాడికి వచ్చేసరికి
పట్టాదారు గడిలో
చుక్కలు.
లెక్కేసినా, పద్నాలుగు.

ఆ అమీను కలం ఎత్తి ఎవుర్ని అడిగినాడో,
చెప్పినోడి కులం విని మళ్ళీ దించినాడో,
ఎండకు విసిగి "రేపు రాద్దాంలే" అనుకున్నాడో,
నాకు తెలీదు.
చుక్కల్లో కారణం రాయరు.

ఆమెకు చదువు రాదు.
వేలుతో ఒక్కో చుక్కా తడిమింది.
"ఏంది సామీ, ముగ్గుకు చుక్కలు పెట్టి
గీత కలపకుండానే లేచిపోయినాడే!"
అని నవ్వింది.

నకలు కావాలంటే చలానా కట్టమన్నా.
మిషను చెడింది, పది దినాలకు రమ్మన్నా.
నా గొంతులో ఆ అమీను వినబడినాడేమో,
నవ్వు ఆపి, చెప్పులు వెతుక్కునింది.

ఆ సాయంత్రం
గోడకు తగిలించిన పాత గొలుసు దించి లెక్కేసినా.
తొంభై ఏడు లంకెలే ఉండాయి.
మూడింటిని ఎవురో బావి బొక్కెనకు
కొక్కీలు చేసుకున్నట్టుండారు.
పొట్టి గొలుసుతో కొలిస్తే
ఊరు ఉండేదానికన్నా పెద్దదిగా తేలుతాది.
పంచేదానికి కాగితం మీద ఎకరాలు మిగులుతాయి,
గుట్ట మీద కాలు పెట్టే చోటు ఉండదు.

రేపు పదో దినం.
నకలు నేనే చేత్తో గీసి పెట్టినా.
గట్లు, రాళ్ళు, ఈగ కాళ్ళు,
కింద రిజిస్టరు గడి.
చుక్కలు ఉన్నవి ఉన్నట్టే దించినా,
పద్నాలుగూ.
కలిపే అధికారం నాకు లేదు.
పెన్సిలు మాత్రం చెక్కి
పక్కన పెట్టినా.