తిత్తి

కంటోన్మెంటు చర్చిలో ఆర్గను వెనక
మనిషి ఒక్కడు దూరేంత సందు.
అక్కడ ఉండేవాడు మా అయ్య.
ముందు నుంచి చూస్తే గొట్టాలే కనబడతాయి,
పూత ఊడిన తగరపు గొట్టాలు, పెద్దవీ పిల్లవీ,
పెళ్ళి ఫొటోకి నిలబడ్డ చుట్టాల్లా.
వెనక నుంచి చూస్తే
ఒక కర్ర పిడి, ఒక తోలు తిత్తి,
దారానికి వేలాడే సీసపు గుండు.
గుండు పై గీత దాటకూడదు,
కింద గీతకి దిగకూడదు.

వారమంతా నెల్లిమర్ల మిల్లులో
గోగునార దుమ్ము పీల్చి
ఆదివారం ఆ పెట్టెకి గాలి పోసేవాడు.
"లేనిదే దానం సేత్తాడు మీ అయ్య" అని
అమ్మ నవ్వేది. నవ్వి
మిరియాల కషాయం సీసా సంచీలో పెట్టేది.

దగ్గు మాత్రం అయ్య చెప్పినట్టు వినేది.
కీర్తనకీ కీర్తనకీ నడుమ దగ్గేవాడు,
ప్రార్థన అనగానే బెంచీలన్నీ కిర్రుమంటాయే
ఆ అదనులో దగ్గేవాడు.
పైడితల్లికి మొక్కుకునే మనిషి,
ఏ పాటలో ఎక్కడ చోటుందో
పాడేవాళ్ళకంటే బాగా ఎరుగు.

ఆ ఒక్కదానిలోనే చోటు లేదు.

గుడ్ ఫ్రైడే సాయంత్రం
పరంజ్యోతి టీచరు వాయించేది దాన్ని.
ఎవరో పరాయి దేశపాయన
నూటయాభై ఏళ్ళ నాడు
రొట్టె పంచే వేళకని రాసుకున్నాడట.
మాటల్లేవు. తాళం వేద్దామంటే చెయ్యి పడదు.
ఒక స్వరం లేచి వెళ్ళకముందే
ఇంకొకటి వచ్చి పక్కన కూర్చుంటుంది,
చావింటికి వచ్చి ఏమీ అనకుండా కూర్చునేవాళ్ళలా.
"సిన్న సప్పుడే గదమ్మా, ఇంత గాలెందుకు?" అన్నాడు అయ్య.
"చిన్నదే నూకరాజూ, ఆగదంతే" అందావిడ.

ఆ ఏడు నాకు పదేళ్ళు.
గుండు చూస్తూ ఉండమని పక్కన కూర్చోబెట్టాడు.
సగంలో అయ్య మెడ నరాలు పొంగాయి.
తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.
చెయ్యి పిడిని వదల్లేదు, పైకి, కిందికి, పైకి,
చెంపల మీంచి నీళ్ళు,
గుండు కింది గీత మీద వణుకుతోంది,
అయ్యా అని నేను అరవబోయాను.

గొట్టాల అవతల
స్వరాలన్నీ ఒక్క దగ్గర నిలబడిపోయాయి.
ముందుకి పోవు. తగ్గవు.
సందులో ముసలమ్మ ఆయాసపడి ఆగితే
వెనకొచ్చేవాళ్ళు తోసుకోకుండా ఆగినట్టు.
అయ్య దగ్గాడు.
ఒకటి కాదు, నాలుగైదు.
ఆ నిండు చప్పుడు కింద దగ్గు
బస్తాల కింద పిల్లిలా కదిలి పోయింది.
గుండు పైకొచ్చింది.
అప్పుడు కదిలింది పాట.

మెట్ల దగ్గర ఎవరో అంటున్నారు,
"టీచరమ్మ మధ్యలో మర్చిపోయింది, పాపం, వయసు."
ఆవిడ చెప్పులు వేసుకుంటోంది. ఏమీ అనలేదు.

అయ్య పోయాడు. మోటారు వచ్చింది.
టీచరు పోయాక ఆవిడ కాయితాలు
చెదలు తినగా మిగిలినవి నా దగ్గరకొచ్చాయి.
ఆ చోట
పెన్సిలుతో ఒక అరచందమామ, దాని కింద చుక్క.
పక్కన ఆవిడ గుండ్రటి చేతిరాత,
ఒకే అక్షరం: నూ.

ఇప్పుడు వాయించే కుర్రాడు మంచివాడు.
కాయితం మీద ఉంది గనక ఆగుతాడు.
ఎంతసేపాగాలక్కా, అనడిగాడు మొన్న.
నాలుగైదు, అన్నాను.
మాత్రలా, అన్నాడు.
తల ఊపాను.