విషయం అనే గడి

గుణుపురంలో విత్తనాల కొట్టు మీది గది.
మెట్లెక్కుతుంటేనే వేపపిండి వాసన.
మూడో శుక్రవారం నేను ముందుగా చేసే పని
కుర్చీలు తిప్పడం:
ఎవరి వీపూ తలుపు వైపు ఉండకూడదు.
ఇది ఏ శిక్షణలోనూ చెప్పలేదు.
నాలుగేళ్ళపాటు ఒక ఇంట్లో
గడియ చప్పుడుని బట్టి
ఆ రాత్రి ఎలా గడుస్తుందో లెక్కగట్టిన వొళ్ళు చెప్పింది.

నియమాలు మూడే.
సలహాలివ్వకండి. ఏడుస్తుంటే, ముట్టుకునేముందు అడగండి.
"నీది సరే, నాది విను" అని మొదలెట్టకండి.
మూడోది దమయంతి ప్రతిసారీ మర్చిపోతుంది.
నవ్వుకుంటాం. తనూ నవ్వేస్తుంది.

తెలుగులో ఒకరు మొదలెడితే ఒడియాలో ఇంకొకరు ముగిస్తారు.
భొయొ అన్నా భయమన్నా
గొంతులో ఒకచోటే అడ్డం పడుతుంది.
అంజరి మాత్రం ఏడు నెలలుగా
కిటికీ పక్కన టీ చల్లార్చుకుని తాగి వెళ్ళిపోతుంది.
కొండమీది సవర ఊరు ఆమెది.
ఆమె మాట మాకు మోసుకురావలసిన ఫిలోమినా
ఆవేళ పద్మపూర్ దగ్గర చెడిపోయిన బస్సులో ఉంది.
ఆవేళే అంజరి నోరు విప్పింది.

ఒక్క ముక్క రాదు మాకెవరికీ.
ఆగమందామని చెయ్యి సగం లేపి
దించేశాను.
ఆమె చేతులు ఏదో దంచాయి,
ఎవర్నో చంకనెత్తుకున్నాయి, ఏదో దాచాయి.
ఒకచోట నవ్వింది కూడా.
నవ్వాలో వద్దో తెలీక గ్లాసుల్లోకి చూశాం.
ఒకే మాట పదేపదే వచ్చింది,
మనిషి పేరో, వాగు పేరో.
నాలుగోసారికి కుంతల పెదాలు
చప్పుడు లేకుండా ఆ మాటని పట్టుకున్నాయి.

కింద ఎవరో బస్తా దించారు, దభీమని.
ఎనిమిదిమందిమీ ఉలిక్కిపడ్డాం.
అంజరి ఉలిక్కిపడలేదు.

ఫిలోమినా తడిసిన గొడుగుతో వచ్చేసరికి అయిపోయింది.
"ఏటి చెప్పింది? మళ్ళీ చెప్పమంటాను, ఉండండి."
అంజరి రెండే మాటలంది.
ఫిలోమినా చాలాసేపు గొడుగు మడిచింది.
"వద్దంట. మీరు విన్నారంట."

విన్నామా?
ఈ గదిలో అయిదేళ్ళుగా నేను తలూపిన తీరులన్నీ గుర్తొచ్చాయి.
అందులో సగం తొందర.

సాయంత్రం రిజిస్టరు తీశాను.
హాజరు: పది. టీలకి: ఎనభై.
విషయం అనే గడి దగ్గర పెన్ను ఆగింది.
"ఆ మాటే రాసీ అక్కా," అంది కుంతల,
చెప్పింది కూడా, పైకి, మొదటిసారి.
రెండుసార్లు కొట్టేశాను. నా అక్షరాల్లో అది పట్టలేదు.
గ్లాసు అడుగున గుండ్రటి టీ మరక,
సగం గడిలో, సగం బయట.
అలాగే ఆఫీసుకి పంపేశాను.