నలభై ఒకటో రాయి

ఎర్రగుంట్ల దాటినాక రోడ్డుకు ఎడమ పక్క,
దుమ్ముకు తెల్లబడిన తుమ్మచెట్ల వెనక మా గని.
నాపరాయి. నల్లబండ.
పైనుంచి చూస్తే గుంత.
లోపల నిలబడితే మడతలు పెట్టిన దుప్పట్ల దొంతర.

ఆ ఏడు నూటా ఇరవై రాళ్ళకు ఆర్డరొచ్చింది.
ఒక్కోటి మనిషంత ఎత్తు.
ఒక మొహాన ఒక దేశం లిపి,
వెనక మొహాన దాని పక్క దేశం లిపి.
రెండూ నాకు రావు.
సదువు రానోడు చెక్కితేనే తప్పులు పోవని
మేస్త్రి పుల్లారెడ్డి నమ్మకం.
సదివినోడు చేతికంటే ముందు ఉరుకుతాడంట.

యాభై ఏండ్లు ఆ రెండు దేశాలు
ఒక వంక కోసరం, నాలుగు బోడిగుట్టల కోసరం
తుపాకులు తలకింద పెట్టుకోని పండుకున్నాయంట.
ఇప్పుడు కూచోని మాట్లాడుకున్నారు.
ఎన్నేండ్లు పట్టింది సార్, అంటే
పదకొండు, అన్నాడు టోపీ ఆయన.
పన్నెండు, అన్నాడు గొడుగు ఆయన.
ఆ ఒక్క ఏడాది కాడ
ఇద్దరూ మళ్ళా కాసేపు ఆగినారు.

కుళ్ళాయప్ప బండ చీల్చేది చూపించినాడు వాళ్ళకు.
ఈ రాయి మీద సమ్మెట ఎత్తగూడదు.
చెవి ఆనించాల.
ఉలి మొన పొరకూ పొరకూ నడుమ నిలపాల.
టక్. కొంచెం జరగాల.
టక్. ఇంకొంచెం.
పొద్దు నెత్తికెక్కే యాళకు రాయే ఒప్పుకుంటాది.
నిట్టూర్చినట్టు చిన్న సప్పుడు, అంతే,
రెండు బండలు, రెండిటికీ నున్నని మొహాలు.

కోపమొచ్చి ఒక్క పెట్టు పెడితే?
అడిగినాడు గొడుగు ఆయన.
కుళ్ళాయప్ప మాట్లాడలా.
గని అంచున కొండగా పడిన ముక్కల దిక్కు
గడ్డం ఎత్తి చూపించినాడు.
వాని ఎడమచేతి రెండేళ్ళ కత గూడా
ఆ కుప్పలోనే యాడో ఉంది.

ఆఖరున, రాయి నెత్తిన గాడి.
ఆ గీత పట్టుకోనే సరిహద్దు
రాయి నుంచి రాయికి నడుస్తాదంట.
ఎంత వెడల్పు సార్?
బొటనేలంత, అన్నాడొకాయన.
దారమంత చాలు, అన్నాడింకొకాయన.
చిటికినేలి కాడ కలిసినారు.

బీడీ ఆర్పి అడిగినా నేను:
గాడికి ఈ పక్క మీది, ఆ పక్క ఆయనది, సరే.
గాడి లోపలిది ఎవురిది సార్?

ఇద్దరూ వంగి చూసినారు,
బావిలో బిందె జారితే చూసినట్టు.
టోపీ ఆయన దుమ్ము ఊదినాడు.
గొడుగు ఆయన వేలు పెట్టి తుడిచినాడు.
ఎవురూ రాసుకోలా.

నలభై ఒకటో రాయికి నా చెయ్యి జారి అంచు పెచ్చు లేచింది.
పెచ్చు లేచిన పక్క దేశం వద్దనింది.
లేవని పక్క దేశం గూడా వద్దనింది,
వాళ్ళకు పనికిరాంది మాకెందుకని.
ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకాలు.
దాని కూలీ మేస్త్రి పట్టుకున్నాడు. అది వేరే కత.

ఇంకోటి చెక్కిచ్చినాక లారీలు పోయినాయి.
ఆ రాళ్ళు యాడ నిలబడినాయో,
వాటి మీద మంచు పడతాదో, ఇసక పడతాదో నాకేం తెలుసు.
ఆ పెచ్చు రాయి మాత్రం మా దొడ్లో నాటినా, బర్రెకు గుంజగా.
ఓబులమ్మ కొడవలి నూరుకుంటాది దాని అంచున.
పొద్దున ఒక దేశానికి, మాపటేళ ఒక దేశానికి
బర్రె మెడ గీరుకుంటాది.

మొన్న ఉత్తర కార్తెలో నాలుగు చినుకులు పడినాయి.
గాడి రెండు కొసల్లో దుమ్ము మూసుకోని
నడుమ నీళ్ళు నిలిచినాయి.
బర్రె నాలిక చాపి
ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క గీతలో నాకేసింది.

గోడకానుకోని చూస్తాన్న కుళ్ళాయప్ప నవ్వినాడు.
నువ్వడిగిందానికి జవాబు దొరికింది గదరా,
రాసి పంపు ఆ సార్లకు.

ఏ లిపిలో రాయాలబ్బా, అన్నా.