ఇరవై నిమిషాల వాలు

గుంటూరు నుంచి బెజవాడ బస్సులో
టిఫిన్ క్యారేజీ సంచిలో పెట్టుకుని తెచ్చాను
నా రైఫిల్ స్కోపుని, దాని కింద బిగించే పట్టాని.
రైఫిల్ రాలేదు; అది క్లబ్బు బీరువాలో
రెండు తాళాల వెనక ఉంది.
పక్క సీటు ముసలమ్మ సంచి వైపు చూసింది.
"గోంగూరా?"
"కాదండీ, అల్యూమినియం."

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
లారీ గేరుబాక్సుల మధ్య మీరావలీ లేతు.
జన్మలో తుపాకి పట్టలేదు.
పేలుడంటే సైలెన్సరు ఊడిన ట్రాక్టరే ఆయనకి.

పాత పేపరు మీద మూడు మౌంట్లు పరిచాను.
ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నది, నల్లగా నిగనిగ, పదమూడు వందలు.
రెండోది, కోచ్ గారిచ్చిన విడి రింగుల జత,
ఎవరో రిటైరైన సుబేదారువి.
మూడోది నాది కాదు, క్లబ్బులో డాక్టరు గారిది,
జర్మనీ సరుకు, ఒక్కరోజు అరువు.
ధర విన్నాక మీరావలీ చేతులు తుడుచుకుని ముట్టుకున్నాడు.

పోయిన మార్చిలో, ఆరువందల మీటర్ల దగ్గర,
ఒక్కో తూటా ఒక్కో ఊరు వెళ్ళింది.
గాలిని తిట్టాను. ఊపిరిని తిట్టాను.
నలభై రెండేళ్ళ కళ్ళని తిట్టి
బ్రాడీపేటలో కొత్త అద్దాలు చేయించాను.

ఆయన నల్లదాని రింగు లోపల నీలిరంగు రాశాడు.
స్కోపు గొట్టాన్ని అందులో పడుకోబెట్టి, లేపి, చూపించాడు.
రంగు రెండు చోట్లే చెరిగింది.
"చూశారా ఫ్లోరెన్స్ మేడమ్,
రెండు చోట్ల పట్టుకుంది.
మిగతాదంతా పట్టుకున్నట్టు నటిస్తోంది."
నాకు కొందరు గుర్తొచ్చారు. పేర్లు చెప్పను.

సుబేదారు రింగులు నిజాయితీగలవే,
కాని ఒకటి తూర్పుకి చూస్తే ఒకటి ఈశాన్యానికి.
జర్మనీదాన్ని తిప్పి తిప్పి చూసి
"వంక పెట్టలేం. డాక్టరు గారిది పొడుగు మొహమా?" అన్నాడు.

ఇనప రజను ఊడ్చి, గోనెపట్టా పరిచి
బోర్లా పడుకోమన్నాడు.
పీఈటీ టీచర్ని, నేలమీద పడుకోవడం కొత్త కాదు.
ఆటోనగర్‌లో కొత్త.
చెక్కముక్కకి చెంప ఆనించి
కళ్ళు మూసుకుని తెరవమన్నాడు.
తెరిచినప్పుడు కన్ను ఎక్కడుందో అక్కడికి రావాలట అద్దం;
మెడ సాచి వెతుక్కున్నానా, అది నాకు యజమాని.
పక్క షెడ్డు కుర్రాళ్ళు వెల్డింగు ఆపి చూశారు.
వెర్నియర్ చదివి బీడీకట్ట మీద రాసుకున్నాడు:
ముప్పై రెండున్నర.

ఇంకో మాట చెప్పాను.
ఈసారి పోటీ ఎనిమిది వందల మీటర్లు.
డయలు తిప్పుకుంటూ పోతే కొసకొచ్చి ఆగిపోతోంది.
పట్టాకి ఇరవై నిమిషాల వాలు కావాలి.
"ఇరవై నిమిషాలా? టీ తాగొద్దామా?"
గడియారంలోవి కావు, కోణంలోవి.
డిగ్రీని అరవై ముక్కలు చేస్తే అందులో ఒకటి.
ఆయన నవ్వలేదు.
అంగుళంలో వెయ్యో వంతుతో కాపురం చేసిన మనిషి.

నూటయాభై మిల్లీమీటర్ల పొడవులో
ముందు కంటే వెనక, మిల్లీమీటరు కూడా నిండని ఎత్తు.
శుభలేఖ మందం.
స్కోపు అంత తల దించితే
రైఫిల్ గొట్టం అంత తల ఎత్తుతుంది.
"అంటే దూరం కొట్టాలంటే కిందికి చూడాలా?"
అవునన్నాను.
"నలభయ్యేళ్ళుగా నేను చూసేదీ కిందికే" అని
స్విచ్చి వేశాడు.

మధ్యలో కరెంటు పోయింది. వచ్చింది.
టీ రెండుసార్లు వచ్చింది.
బెంజి సర్కిల్ వైపు హారన్లు ముదిరాయి.
కొత్త మౌంటు వేడిగా, ఇంకా పేరు లేని బిడ్డలా
నా అరచేతిలోకొచ్చింది.

మళ్ళీ నీలిరంగు. మళ్ళీ గొట్టం.
అంతా చెరిగింది, ఒక్క మెతుకంత చోటు తప్ప.
"చాలు మీరావలీ గారూ, నా కంటికది ఆనదు."
"తూటాకి ఆనుద్ది."
ఉప్పు కాగితం చింపుకుని
బల్బు కిందికి స్టూలు జరుపుకున్నాడు.

గుంటూరు బస్సు వెళ్ళిపోయే వేళ.
ఇంకోటుంది,
ఇరవై నిమిషాలకి.